పాత కరెంటు తీగ, కొబ్బరి చిప్ప: ఆరు జతల లోలాకుల పని డైరీ

చేయాల్సినవి ఆరు జతలు, అంటే 12 లోలాకులు. ఒక్కోదానికి ఒక రాగి రింగు, రింగు లోపల మెలితిప్పిన సన్న తీగ చుట్టలు మూడు, వాటి మీద కొబ్బరి పెంకు బిళ్ల, పైన కొక్కెం. రోజంతా పెట్టుకున్నా చెవి లాగకూడదు కాబట్టి ఒక్కోటి 5 గ్రాములు దాటకూడదని ముందే హద్దు పెట్టుకున్నాం. కింద రాసిన మార్పుల్లో చాలావరకు ఆ హద్దు కోసం చేసినవే.

పాత సరుకుతో ఉన్న చిక్కు ఏమిటంటే, చేతిలో ఉన్నదేమిటో దాని మీద రాసి ఉండదు. కొత్త తీగ కొంటే మందం, లోహం, పూత అన్నీ తెలిసే వస్తాయి. పాతదాన్ని మనమే తూచి, గీకి, కోసి తెలుసుకోవాలి. ఈ పనిలో పెద్ద నష్టం ఆ పరీక్ష ఒక తీగకు చేయకపోవడం వల్లే వచ్చింది.

దశ 1: తీగ ఏరడం, తొడుగు ఒలవడం

వైరింగు మార్చిన పాత ఇంటి సరుకు, తొడుగుతో కలిపి 340 గ్రాములు. అందులో మూడు రకాలున్నాయి.

1. 1/18 తీగ (ఒకే పోగు, 18 గేజి మందం), ప్లాస్టిక్ తొడుగు: 200 గ్రా. లోపల ఒంటి రాగి తీగ, మందం 1.22 మి.మీ.
2. 3/22 తీగ, రబ్బరు తొడుగు, దాని మీద నూలు అల్లిక: 80 గ్రా. లోపల 0.71 మి.మీ. పోగులు మూడు.
3. 2.5 చదరపు మి.మీ. ఫ్లెక్సిబుల్ తీగ: 60 గ్రా. లోపల 0.3 మి.మీ. పోగులు 36.

నాలుగో కట్ట కూడా వచ్చింది కానీ తిప్పి పంపేశాం. దాని మీద 1 చదరపు మి.మీ. అని ఉంది. ఒక మీటరు ఒలిచి తూచితే 3.4 గ్రా. తూగింది. నిఖార్సైన రాగి అయితే 8.9 గ్రా. ఉండాలి. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం కనబడింది, పైన రాగి పూత మాత్రమే. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, రాగి 1085 దాకా ఓర్చుకుంటుంది. అలాంటి తీగకు టంకం పెట్టబోతే టంకం పారేలోపే తీగ కూలిపోతుంది. మీటరు తీగ తూచడానికి రెండు నిమిషాలు చాలు, ఏ కట్టకైనా ముందు అది చేయండి. 1/18 తీగ మీటరుకు 10.4 గ్రా. రావాలి.

తొడుగు కాల్చి రాగి తీయడం చాలాచోట్ల చూస్తుంటాం. దయచేసి ఆ పని చేయొద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. దగ్గర్లో వేడి రాగి ఉంటే డయాక్సిన్లు ఇంకా తేలిగ్గా పుడతాయి. పైగా రాగికి మసి, క్లోరైడు అంటుకుని తర్వాత టంకం పట్టదు. తీగను చెక్క గాడిలో బిగించి, పొడవునా ఒక్క గీత కోసి, తొడుగు లాగేస్తే సరి. ఎండలో పావుగంట పెడితే ప్లాస్టిక్ మెత్తబడి ఇంకా సులువుగా వస్తుంది. 3/22 తీగ రబ్బరు అప్పటికే పొడిపొడిగా రాలుతోంది, వేళ్లతోనే ఊడింది.

ఇక్కడికి లెక్క: రాగి 184 గ్రా. (119 + 23 + 42), తొడుగు చెత్త 156 గ్రా. సమయం 2.5 గంటలు.

దశ 2: పెంకు బిళ్లలు

ఏడు అర చిప్పలు, కొబ్బరి తీసేసి మూడు వారాలు నీడలో ఆరినవి. మూడు వారాలూ ఆరనివ్వాలి. పచ్చి పెంకు కోసిన బిళ్ల మర్నాటికి వంగి, బల్ల మీద పెడితే ఊగుతుంది.

మొదటి డిజైనులో బిళ్ల వ్యాసం 36 మి.మీ. అలాంటివి నాలుగు కోశాం, నాలుగూ పోయాయి. పెంకు గోళం ముక్క కదా, వెనకవైపు గుంటగా ఉంటుంది. రింగు మీద కూర్చోవాలంటే ఆ వెనకభాగం చదునుగా అరగదీయాలి. మా చిప్పల వంపు వ్యాసార్ధం 55 మి.మీ., మందం 3.8 మి.మీ. 36 మి.మీ. బిళ్లకు అంచు దగ్గర 3 మి.మీ. అరిగితే గానీ చదును రాదు. అంటే అంచున మిగిలేది 0.8. చేతిలో కొంచెం తేడా వచ్చేసరికి అది 0.5 అయింది, గోరుతో నొక్కితే విరిగింది. అదే 26 మి.మీ. బిళ్లకైతే అరగాల్సింది 1.5 మి.మీ. మాత్రమే, అంచున 2.3 మిగులుతుంది. ఒక్క సెంటీమీటరు తగ్గిస్తే అరుగుదల సగమైంది. అక్కడి నుంచి అన్నీ 26 కే కోశాం.

పెంకులో అన్ని చోట్లూ ఒకేలా ఉండవు. కళ్లున్న వైపు వంపు ఎక్కువ, అటు వద్దు. కళ్ల దగ్గర మొదలై మూడు గీతలు వెన్నులా కిందికి దిగుతాయి, వాటి మీద కోస్తే బిళ్ల ఆ గీత వెంబడే చీలుతుంది. నడుము భాగంలో గీతకూ గీతకూ మధ్య ఉన్న చోటే మనకు పనికొస్తుంది.

1. బిళ్ల గీత పెన్సిలుతో గీయాలి. వృత్తలేఖిని ముల్లు గుచ్చితే అక్కడే చీలిక మొదలవుతుంది కాబట్టి రేకు అచ్చు వాడాలి.
2. కంసాలి సన్న రంపంతో, 3వ నంబరు బ్లేడుతో, గీతకు 1 మి.మీ. బయటగా కోయాలి. ప్రతి పది లాగుళ్లకు బ్లేడుకు తేనెమైనం రాయాలి.
3. వెనకభాగం అద్దం మీద అతికించిన 80 నంబరు ఎమరీ కాగితంపై ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాలి.
4. ముందు భాగానికి 120, 220, 400, 600. చివరి రెండూ నీళ్లు చల్లి.

డ్రిల్లుకు గుండ్రటి రంపం బిగించి కోయడం కూడా చూశాం. వేగంగా తెగుతుంది, కానీ అంచు మాడి నల్లబడుతుంది, మధ్యలో అక్కర్లేని రంధ్రం ఒకటి పడుతుంది. పగిలిన ఆరింటిలో నాలుగు ఆ రంపం కిందవే. పెంకు దుమ్ము మెత్తగా గాల్లో తేలి గొంతు మంట పెడుతుంది. పొడి రుద్దుడు మొత్తం ఎన్95 మాస్కుతో, ఆరుబయట చేయాలి.

ఇక్కడికి లెక్క: కోసిన బిళ్లలు 31, కోతలో పగిలినవి 6, అంచు పలచబడి పోయినవి 4, మిగిలినవి 21. మొత్తం సమయం 11.5 గంటలు.

దశ 3: సన్న తీగ

వెండి తీగ పనికి కరీంనగర్‌కు మంచి పేరు. ఫిలిగ్రీ అనే ఆ పనిలో రెండు సన్న తీగలు కలిపి మెలితిప్పి, చదునుగా నొక్కి, ఆ అంచు పైకి వచ్చేలా చుట్టలు చుడతారు. అంచున వరుసగా చిన్న చిన్న గింజలు పేర్చినట్టు కనబడుతుంది. రాగిలోనూ ఆ గింజ అంచే కావాలనుకున్నాం.

మొదటి ప్రయత్నం ఫ్లెక్సిబుల్ తీగ పోగులతో. 0.3 మి.మీ. పోగులు రెండు కలిపి మెలితిప్పితే చక్కగానే వచ్చింది. టంకం దగ్గర దెబ్బతింది. 1.22 మి.మీ. రింగు టంకం పారేంత వేడెక్కేలోపు 0.3 పోగు ఎర్రబడి, తెల్లబడి, కొసన చిన్న బంతిలా ముడుచుకుంది. మంట చిన్నది చేసినా, రింగు వైపే పెట్టినా, అయిదింటిలో ఒక్కటి నిలిచింది. అలా 4 గ్రా. పోయింది.

రెండో ప్రయత్నం 3/22 తీగలోని 0.71 పోగులతో. మందం సరిగ్గా కావాల్సినంతే ఉంది. దాని సంగతి తర్వాతి దశలో ఉంది.

చివరికి నిలిచింది మూడోది: 1/18 తీగనే కమ్మచ్చులో (వరుసగా చిన్నవయ్యే కన్నాలున్న ఉక్కు పలక) లాగి సన్నం చేయడం. 1.22 నుంచి 0.5 మి.మీ. దాకా దింపితే పొడవు దాదాపు ఆరింతలవుతుంది. 60 మి.మీ. చుట్టలు 36, ఒక్కోదానికి రెండు పోగులు, మెలికలో పోయేది పదో వంతు. అన్నీ కలిపి 4.8 మీటర్లు కావాలి. కొసల నష్టంతో కలిపి 1.2 మీటర్ల 1/18 తీగ సరిపోయింది.

1. తీగను మందమైన ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచాలి. రాగి ఉక్కులా కాదు, నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది.
2. కొస 20 మి.మీ. ఆకురాయితో సూదిగా రాయాలి.
3. తేనెమైనం రాసి, ఒక్కో కన్నంలోంచి ఆగకుండా ఒకే ఊపులో లాగాలి. ఆగిన చోట మచ్చ పడుతుంది.
4. మూడు కన్నాలకు ఒకసారి మళ్లీ కాల్చాలి. కన్నం వదిలేసి తర్వాతిదానికి పోతే బిరుసెక్కిన తీగ తెగుతుంది. రెండుసార్లు తెగింది, రెండుసార్లూ కారణం అదే.
5. రెండు పోగులు కలిపి, ఒక కొస వైసులో, మరో కొస చేతి డ్రిల్లులో పెట్టి మెలితిప్పాలి. సెంటీమీటరుకు 7 మెలికలు చాలు. 10 దాటితే పోగు తెగుతుంది.
6. మళ్లీ కాల్చి, దాకలి (ఇనుప దిమ్మ) మీద నునుపు సుత్తితో చదును చేయాలి.

ఇక్కడికి లెక్క: పనికొచ్చే చుట్టలు 36. మొత్తం సమయం 19.5 గంటలు.

దశ 4: టంకం

రింగు కొలతలో మొదట ఒక తప్పు దొర్లింది. లోపలి వ్యాసం 34 కావాలని 34 × 3.14 అని 106.8 మి.మీ. కోస్తే రింగు చిన్నదైంది. తీగ మందం కలిపి లెక్కవేయాలి: (34 + 1.22) × 3.14, అంటే 110.6 మి.మీ.

ఇక 3/22 పోగుల సంగతి. ఆ పోగులతో చుట్టలు చేసి నాలుగు రింగులకు అతికించాం. టంకం తేలిగ్గా, అనుకున్నదానికన్నా ముందే పారింది. అప్పుడే అనుమానం రావాల్సింది. టంకం మసి వదలడానికి ముంచిన నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లలోంచి తీశాక అతుకుల దగ్గర బూడిద రంగు గరుకు, సూది గుచ్చినట్టు చిన్న గుంటలు కనబడ్డాయి. చుట్టను వేలితో అటూ ఇటూ రెండుసార్లు వంచితే అతుకు పుటుక్కున విరిగింది. నాలుగు రింగులూ అంతే.

మిగిలిన పోగును కోసి భూతద్దం కింద చూస్తే సంగతి తెలిసింది: లోపల ఎరుపు, చుట్టూ వెంట్రుకవాసి తెల్లటి పూత. అది తగరం. రబ్బరు తొడుగు రోజుల్లో రాగి తీగకు తగరం పూత పూసేవారు. రబ్బరును గట్టిపరచడానికి కలిపే గంధకం రాగిని తినేయకుండా అది అడ్డు. తగరం 232 డిగ్రీలకే కరిగి, వెండి టంకంలో కలిసి, అతుకును పెళుసు చేసింది. పాత తీగ పైకి తుప్పు రంగులో ఉండటంతో పూత కంటికి కనబడలేదు. నిమ్మ ఉప్పుతో ఆ పూత పోదు. 0.71 పోగును చుట్టూ గీకి తగరం వదిలించడం అయ్యే పని కాదు. మొత్తం 23 గ్రా. పక్కన పెట్టేశాం. రబ్బరు తొడుగు తీగ చేతికొస్తే ముందు కొస కోసి చూడండి.

టంకానికి కాడ్మియం లేని వెండి టంకమే తీసుకోవాలి. బంగారు నగల దగ్గర కేడీఎం అని వినే మాట కాడ్మియం నుంచి వచ్చిందే. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. ఇంట్లో, ఇరుకు గదిలో చేసే పనికి అది అసలే వద్దు.

1. రింగు కొసలు ఆకురాయితో సమంగా రాసి కలపాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనబడకూడదు. సందుంటే టంకం దాన్ని నింపదు. పక్కలకు పారిపోతుంది. ఇలా, మంట ఎక్కువై కరిగి, మూడు రింగులు పోయాయి.
2. వెలిగారం నీళ్లతో అరగదీసి, పాలంత చిక్కగా అతుక్కి రాయాలి.
3. 1 మి.మీ. హార్డ్ టంకం (ఎక్కువ వేడికి కరిగేది) ముక్క అతుకు కింద పెట్టాలి.
4. ముందు రింగు చుట్టూ మంట తిప్పాలి. వెలిగారం పొంగి, అణిగి, గాజులా మెరుస్తుంది. అప్పుడు అతుకు వైపు రావాలి.
5. టంకం గీతలా తళుక్కుమనగానే మంట తీసేయాలి. ఒక్క క్షణం ఎక్కువైనా తీగ పలచబడుతుంది.
6. చుట్టలకు ఈజీ టంకం (తక్కువ వేడికే కరిగేది). హార్డే వాడితే మొదటి అతుకు మళ్లీ విడిపోతుంది. చుట్టలు కదలకుండా సన్న ఇనుప తీగతో కట్టాలి.

పని బొగ్గు దిమ్మ మీద చేయాలి. మామూలు ఇటుక తడిగా ఉంటే వేడికి పగిలి పెచ్చులు కళ్లలోకి లేస్తాయి.

తర్వాత అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి, పావుగంట నానబెట్టాలి. కట్టిన ఇనుప తీగ ముందే విప్పేయాలి. ఇనుము ఆ నీళ్లలో ముక్కకు తగిలితే, నీళ్లలో కరిగి ఉన్న రాగి వచ్చి పైన పొరలా పేరుకుంటుంది. వెండి నగలకు అది పెద్ద తలనొప్పి. ఇక్కడ మాత్రం దాన్నే వాడుకున్నాం. రాగి రింగు మీద టంకం తెల్ల గీతలా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. బాగా వాడి నీలంగా మారిన నిమ్మ ఉప్పు నీళ్లలో ముక్కను పెట్టి, ఒక మేకు కొన అతుక్కి ఆనించి ఉంచితే, తెలుపు మెల్లగా గులాబీ రంగుకు తిరిగి రాగిలో కలిసిపోయింది. పొర పలచన, గట్టిగా రుద్దితే పోతుంది. అందుకే మెరుగు పని అంతా ముందు చేసి, ఇది చివర చేయాలి.

వాడిన నీలం నీళ్లు మురుగులోకి గానీ మొక్కలకు గానీ పోయకూడదు, రాగి నీటి జీవులను చంపుతుంది. ఆ నీళ్లలో స్టీల్ ఊలు రెండు రోజులు వేసి ఉంచితే రాగి పొడిగా కిందికి దిగుతుంది. మిగిలినదాంట్లో తినే సోడా పొంగు ఆగేదాకా వేసి, వెడల్పాటి పళ్లెంలో ఎండబెట్టి, మడ్డిని డబ్బాలో మూసి దాచాలి.

ఇక్కడికి లెక్క: నిలిచిన రింగులు 12, పోయినవి 7, పోయిన రింగుల రాగి 9 గ్రా. మొత్తం సమయం 26 గంటలు.

దశ 5: రంగు, రివిట్లు

పెంకు దగ్గర మంట పెట్టలేం కాబట్టి బిళ్లను రివిట్లతోనే (రెండు కొసలూ సుత్తితో చదును చేసే తీగ ముక్కలు) బిగించాలి. రంగు వేయడం దానికన్నా ముందు.

రాగిని నల్లబరచడానికి ఉడికించిన కోడిగుడ్డు చాలు. గట్టిగా ఉడికిన గుడ్డు వేడి మీదే చిదిమి, మూత గట్టిగా పట్టే డబ్బాలో అడుగున పెట్టి, పైన జల్లెడ మీద రాగి ముక్కలు పరవాలి. గుడ్డు ముక్కకు తగలకూడదు. గుడ్డు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రెండు గంటల్లో ముదురు గోధుమ రంగు, రాత్రంతా ఉంచితే నలుపు తెస్తుంది. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు రాలిన చోట మచ్చలు పడ్డాయి. మూత కింద కాగితం మడిచి పెడితే ఆ బాధ తప్పింది. బిళ్ల బిగించాక ఒక ముక్కను ఇలా పెట్టి చూస్తే వాసన పెంకులో దిగిపోయి నాలుగు రోజులు వదల్లేదు.

రివిట్ల దగ్గర అయిదు బిళ్లలు పగిలాయి. ఈ పనిలో బిళ్లకు ఇంతకన్నా విసుగు పుట్టించే చోటు లేదు, ఎందుకంటే అప్పటికే ఒక్కోదాని మీద పావుగంట పైన రుద్దుడు పోసి ఉంటాం. 1.22 తీగ రివిట్‌కు 1.2 రంధ్రం వేసి బిగుతుగా దూర్చి సుత్తితో కొట్టాం. తీగ తల చదునయ్యేటప్పుడు రంధ్రం లోపల కూడా ఉబ్బుతుంది. పెంకు సాగదు, చీలుతుంది. మూడు అలా పోయాయి. ఇంకో రెండింటికి రంధ్రం అంచుకు 2 మి.మీ. దూరంలోనే పడింది. తర్వాత ఇలా మార్చాం:

1. రివిట్లు మూడు బదులు రెండు. రంధ్రం మధ్య నుంచి అంచుకు 5 మి.మీ.
2. రంధ్రం 1.5 మి.మీ. డ్రిల్లు మెల్లగా తిప్పాలి, కింద చెక్క ఆనించాలి.
3. రివిట్ తీగ కాల్చి మెత్తబరిచినది.
4. పెంకు మీద 4 మి.మీ. రాగి వాషర్. వెనకవైపు చుట్ట కొసన తీసిన కన్నమే వాషర్.
5. రెండు వైపులా తీగ 0.6 మి.మీ. మాత్రమే పైకి ఉండాలి. 1.5 వదిలితే తల చదునుకాదు, పక్కకు వంగుతుంది.
6. 50 గ్రాముల సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, నాలుగు ఈవైపు, తిప్పి నాలుగు ఆవైపు.

సుత్తి దెబ్బకు రివిట్ తలల మీద నలుపు పోయి ఎర్ర రాగి బయటపడింది. మళ్లీ నల్లబరచాలనే అనుకున్నాం. నల్లటి చట్రం, కాఫీ రంగు పెంకు, మధ్యలో రెండు ఎర్ర చుక్కలు చూశాక అలాగే ఉంచేశాం.

పెంకుకు అవిశె నూనె రెండు పూతలు, మధ్య రెండు రోజుల విరామం. కొబ్బరి నూనె రాస్తే వెంటనే మెరుస్తుంది కానీ ఎన్నటికీ ఆరదు, బట్టకు అంటుతుంది. అవిశె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేయకూడదు. అది తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, పరిచి ఆరబెట్టాలి. రాగికి తేనెమైనం పలచగా.

దశ 6: కొక్కేలు

మొత్తం పనిలో కొత్తగా కొన్నది, టంకం వదిలేస్తే, ఇదొక్కటే: 925 వెండి (92.5 శాతం వెండి) తీగ, 0.8 మి.మీ., ఒక్కో కొక్కేనికి 45 మి.మీ. చెవి రంధ్రంలో ఉండేది ఏ లోహమో ఖాయంగా తెలియాలి. రాగి కొక్కెం చెమటకు చిలుము పడుతుంది. చవక పూత కొక్కేల్లో నికెల్ ఉంటే పడనివాళ్లకు దురద, పుండు. పాత పట్టీల వెండి కరిగించవచ్చు కానీ అందులో ఎంత శాతం వెండో, తక్కినది ఏమిటో మన దగ్గర తేల్చుకునే దారి లేదు. కొస ఆకురాయితో గుండ్రం చేసి, 600 ఎమరీతో రుద్ది, బుగ్గ మీద గీసి చూడాలి, గుచ్చుకోకూడదు.

రోజుకు 8 గంటల చొప్పున వారం పెట్టుకుంటే రింగు కింది భాగంలో, మెడకు తగిలే చోట మైనం పోయి రంగు తేలింది. మళ్లీ మైనం రాస్తే కుదురుకుంది. చింతపండుతో మాత్రం తోమకూడదు, నలుపు పోతుంది.

చివరి లెక్క

- తయారైనవి: 12. బరువు ఒక్కోటి 4.2 నుంచి 4.6 గ్రా. జతలో తేడా 0.2 గ్రా. లోపు.
- సమయం: 33 గంటలు, జతకు 5.5 గంటలు.
- రాగి 184 గ్రా.: లోలాకుల్లో 26, పోయిన రింగులు 9, కరిగిన పోగులు 4, తగరం పూతది 23, పనికొచ్చే మిగులు 122.
- బిళ్లలు 31: వాడినవి 12, పగిలి అరిగి పోయినవి 15, మిగిలినవి 4.
- కొత్త వెండి: 2.8 గ్రా.

టంకం అంటిన రాగి, తగరం రాగి వేర్వేరు డబ్బాల్లో పేరు రాసి పెట్టాం, మంచి రాగిలో కలిస్తే తర్వాతి అతుకులూ విరుగుతాయి. 156 గ్రా. తొడుగు చెత్తలో పీవీసీని రబ్బరు నుంచి వేరుచేసి పాత సామాన్ల కొట్టుకు ఇచ్చాం. రబ్బరు, నూలు తీసుకునేవాళ్లు దొరకలేదు, ఇంకా సంచిలోనే ఉన్నాయి.